ట్యాబులో ఎన్ని జీబీలు కావాలి?

సింగరేణిలో లాభాల వాటా దసరాకి, బోనసు దీపావళికి పడతాయి. ఆ రెండు పండుగల నడుమ గోదావరిఖని లక్ష్మీనగర్ బజారులో కాసేపు నిలబడితే చాలు, ఎవరింటికి ఏం వస్తున్నదో తెలిసిపోతుంది. ఒకప్పుడు సైకిలు, తర్వాత కలర్ టీవీ, ఆ తర్వాత బండి. ఇప్పుడు పిల్లల చదువుకని ట్యాబు. కంప్యూటర్లు చదువుతున్న పాపానికి ఆ రోజుల్లో నన్ను అడగనివాళ్ళు లేరు. “తమ్మీ, 64 తీసుకోవాలెనా, 128 తీసుకోవాలెనా? 256 అయితే ఇంకా మంచిదంటున్నరు, నిజమేనా?”

ఒక్క అంకె చెప్పి పంపించెయ్యవచ్చు. షాపులో కుర్రవాడు అదే చేస్తాడు. ఉన్నవాటిలో పెద్ద అంకె చెబుతాడు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: “మీ ఇంట్లో నెట్టు ఎక్కణ్ణుంచి వస్తది?” అడిగింది స్టోరేజీ గురించయితే వీడు నెట్టు గురించి మాట్లాడతాడేమిటని వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. ఆ రెండింటికీ ఉన్న సంబంధం ఏమిటో చెప్పడానికే ఈ నాలుగు పేజీలూ.

ముందుగా ఒక సంగతి. ట్యాబు అద్దం పగిలితే వేయించుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బితే మార్పించుకోవచ్చు. ఛార్జింగు పిన్ను పాడయితే చౌరస్తాలో గంటలో బాగుచేసి ఇస్తారు. స్టోరేజీ ఒక్కటి మాత్రం కొన్ననాడు ఎంతో పారేసేనాడూ అంతే. పాత కంప్యూటర్లోలాగా హార్డ్‌డిస్కు ఊడదీసి పెద్దది బిగించడానికి వీల్లేదు. ఆ చిప్పుని బోర్డుకి టంకం వేసి అతికించేస్తారు. కాబట్టి రాబోయే నాలుగైదేళ్ళ అవసరాన్ని కొన్న రోజే ఊహించుకోవాలి. 2020లో కరోనా వచ్చి బడులు మూతబడ్డాక, ఆ సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలుపెట్టారు. ఆ హడావుడిలో అప్పో సప్పో చేసి 32 జీబీ ట్యాబులు కొన్న ఇళ్ళు మన కాలనీల్లో చాలా ఉన్నాయి. వాటిల్లో కొన్ని ఇప్పటికీ వెలుగుతూనే ఉన్నాయి. తెర మీద గీత కూడా పడలేదు. కాని కొత్త యాప్ ఒక్కటి వెయ్యబోతే చోటు లేదంటాయి, ఉన్న యాప్‌ని అప్‌డేట్ చెయ్యబోయినా చోటు లేదంటాయి. ప్రాణం ఉండీ పనికిరాకుండా పోయాయి.

ఇక నెట్టు సంగతి. మన ప్రాంతం వాళ్ళకి ఇది బొగ్గు లెక్కలో చెబితేనే తొందరగా బోధపడుతుంది.

రామగుండం ఎన్టీపీసీ 1983లో మొదటి యూనిట్‌తో మొదలయింది. దానికి బొగ్గు సింగరేణి గనుల నుంచి సొంత రైలు పట్టాల మీద, కింద తలుపులు తెరుచుకునే వ్యాగన్లలో, తిరుగుడు బండిలాగా వస్తూ పోతూ ఉంటుంది. గని పక్కనే ఉన్న ప్లాంటు కనుక యార్డులో నెలల తరబడి బొగ్గు కుప్పపోసుకోవలసిన పని లేదు. అదే గనులకి వందల మైళ్ళ దూరాన ఉన్న ప్లాంటయితే? దారిలో ఎన్ని అవాంతరాలో! అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 డిసెంబరులో సవరించిన నిబంధనల ప్రకారం, గని ముంగిట ఉన్న ప్లాంటు నెలని బట్టి 12 నుంచి 17 రోజుల బొగ్గు, దూరాన ఉన్నది 20 నుంచి 26 రోజుల బొగ్గు నిల్వ ఉంచుకోవాలి. అంతకు రెండు నెలల ముందే, అక్టోబరులో, దేశంలో థర్మల్ కేంద్రాల నిల్వలు సగటున నాలుగు రోజులకి పడిపోయి అందరూ కంగారుపడ్డారు. ఇక్కడ చూడవలసింది ఒక్కటే. ప్లాంటు రోజుకి ఎంత బొగ్గు కాలుస్తుందన్నది ఒక్కటే నిల్వని నిర్ణయించదు. బొగ్గు ఎంత దూరాన్నుంచి, ఎంత నమ్మకంగా వస్తుందన్నది కూడా నిర్ణయిస్తుంది. అలాగని ఎడాపెడా కుప్పపోసినా తంటాయే. ఎక్కువ కాలం కదలకుండా ఉన్న బొగ్గు తనంతట తనే వేడెక్కి రాజుకుంటుందని మన దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ట్యాబులో స్టోరేజీ అంటే ఆ యార్డే. నెట్టు రైలు. ఇంట్లో ఫైబర్ నెట్టు ఉండి ఎప్పుడు కావాలంటే అప్పుడు పాఠం చూసుకోగలిగినవాడు గని ముంగిట ఉన్నట్టు. మంథని దాటి అడవి వైపు పోయే ఊళ్ళలో, సిగ్నల్ కోసం మేడ ఎక్కవలసినవాడు దూరపు ప్లాంటు. ఇద్దరూ ఒకే కోర్సు చదివినా ఇద్దరికీ ఒకే స్టోరేజీ చాలదు.

ఈ రెండింటి మధ్య మరో రకం ఇళ్ళున్నాయి. మన కాలేజీలో సగం మంది అలాంటి ఇళ్ళ నుంచే వస్తారని నా అంచనా. మా ఇల్లూ అందులో ఒకటి. ఇంటికి వేరే నెట్టు లేదు. ఉన్నదల్లా నాయన ఫోనులోని హాట్‌స్పాట్. నాయన బాయి దిగే మనిషి. అగ్గిపెట్టె, బీడీకట్టలాగే మామూలు సెల్‌ఫోను కూడా బాయి లోపలికి తీసుకుపోకూడదు. మీథేన్ ఉండే చోట చిన్న నిప్పురవ్వ చాలు గదా. కాబట్టి ఆయన సెకండ్ షిఫ్టుకి పోయాడంటే ఫోను బాయి మీద ఆగిపోతుంది, దానితోపాటు మా చెల్లె పాఠాలూ ఆగిపోతాయి. పిల్లలు చదువుకునేది సాయంత్రం ఆరు నుంచి పది దాకా. సరిగ్గా ఆ వేళకే నెట్టు ఇంట్లో ఉండదు. నైట్ షిఫ్టు వారమైతే ఇంకో చిక్కు. పొద్దంతా ఆయన పడుకుంటాడు, ఫోను ఇంట్లోనే ఉంటుంది, కాని పిల్లలు కాలేజీలో ఉంటారు. వారం వారం మారే షిఫ్టుకి తగ్గట్టు నెట్టు వేళలు మారుతుంటే, పాఠాలని ముందే దింపి పెట్టుకోవడం తప్ప మార్గం లేదు. కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే రెండో ఫోనుకి రీఛార్జి చేయించడమే అక్కడ ఆలోచించవలసిన ఖర్చు.

పొరుగు రాష్ట్రంలో ఇదే ఆలోచన పెద్ద ఎత్తున జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచడం మొదలుపెట్టినప్పుడు, ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన పాఠాలని ముందే అందులో నింపి ఇచ్చారు. నెట్టు లేని ఊళ్ళో కూడా పాఠం నడవాలన్నది దాని ఉద్దేశం. ఆ పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. స్టోరేజీని నెట్టుకి బదులుగా వాడవచ్చుననే సంగతి మాత్రం అందులో స్పష్టంగా ఉంది.

సరే, పాఠాలు దింపుకుంటే ఎంత చోటు తింటాయి? కాగితం, పెన్సిలు తీసుకుంటే ఎవరయినా వేసుకోగల లెక్క ఇది. వీడియో సెకనుకి ఎన్ని కిలోబిట్లు ఖర్చు చేస్తుందో దాన్ని 3600 సెకన్లతో గుణించి, ఎనిమిదితో భాగించాలి, ఎనిమిది బిట్లయితే ఒక బైటు కనుక. సెకనుకి 500 కిలోబిట్ల మామూలు నాణ్యత వీడియో గంటకి 225 మెగాబైట్లు అవుతుంది. తెర మీద బోర్డు రాత స్పష్టంగా కనిపించాలని 1500 కిలోబిట్ల దాకా పోతే గంటకి 675. ఇంకా మెరుపు కావాలని 3000కి పోతే గంటకి 1350, అంటే ఒకటింబావు జీబీ పైనే. ఒక్క గొంతు చాలనుకుంటే 64 కిలోబిట్లతో గంట పాఠం 29 మెగాబైట్లలో ఇమిడిపోతుంది. చరిత్ర, రాజనీతి పాఠాలకి సారు ముఖం చూడవలసిన అవసరం ఏముంది? వినడమే మేలు. లెక్కలకీ, అకౌంట్సుకీ మాత్రం బోర్డు కనబడాలి.

ఐఐటీల వారి ఎన్పీటెల్ పాఠాలు ఉన్నాయి. అవి ఉచితం, వీడియోలుగా దింపుకోవడానికి అనుమతి కూడా ఉంది. ఒక కోర్సు 20 గంటలనుకుందాం. మామూలు నాణ్యతలో నాలుగున్నర జీబీ. నడిమి నాణ్యతలో పదమూడున్నర. పై నాణ్యతలో 27 జీబీ. ఒకే సారు, అదే పాఠం, స్టోరేజీలో ఆరు రెట్లు తేడా! అందుకని పెద్ద ట్యాబు కొనేముందు డౌన్‌లోడు బటన్ దగ్గర ఏ నాణ్యత ఎంచుకుంటున్నామో చూసుకోవడం లాభం. పదంగుళాల తెర మీద నడిమి నాణ్యతకి మించింది పెట్టినా కంటికి పెద్దగా తేడా తెలియదు.

ఇందులోనే ఇంకో ఆదా ఉంది. రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్లాన్లలో రాత్రి పన్నెండు కొట్టేసరికి మిగిలింది మురిగిపోతుంది. డబ్బు ఇచ్చి కొన్న నెట్టే అది. నాయన షిఫ్టు దిగి ఇంటికి చేరాక, పన్నెండు లోపల, రోజుకి అర జీబీ చొప్పున మిగిలింది దింపుకుంటే నెలకి 15 జీబీ. మామూలు నాణ్యతలో అది 66 గంటల పాఠం. చోటు లేని ట్యాబులో ఆ 66 గంటలూ గాలికి పోతాయి. అయితే 66 గంటల పాఠం నెలలో చూసేవాడెవడు అంటారేమో. నిజమే. అందుకే చూసింది చూసినట్టు తీసెయ్యాలి. దింపి పెట్టుకోవడాన్ని చదవడం అనుకునే జబ్బు ఒకటి మనలో ఉంది. జిరాక్సు కాలంలో కూడా ఉండేదని మా సార్లు చెబుతారు.

పుస్తకాల విషయానికొస్తే కాస్త ఆసక్తిగా ఉంటుంది. కంప్యూటరు తెలుగు అక్షరాన్ని దాచుకునే పద్ధతిలో హల్లుకి మూడు బైట్లు, గుణింతం గుర్తుకి మూడు, సున్నకి మూడు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటే. ‘సింగరేణి’ అని తెలుగులో రాస్తే 24 బైట్లు, అదే పేరు ఇంగ్లీషులో రాస్తే 9. మన భాషకి ఎంత అన్యాయం జరిగిందో అని బాధపడనక్కర్లేదు. 300 పేజీల తెలుగు నవల మొత్తం టైపు చేసినది ఒకటిన్నర మెగాబైట్ల లోపే ఉంటుంది. అలాంటివి ఆరువందలు కలిసినా ఒక జీబీ నిండదు. అసలు చోటు తినేది టైపు చేసిన అక్షరం కాదు, ఫోటో తీసిన పేజీ. అదే నవలని స్కాన్ చేస్తే పేజీకి 200 కిలోబైట్ల చొప్పున 60 మెగాబైట్లు, నలభై రెట్లు. మన దురదృష్టం ఏమిటంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాలు దాదాపు అన్నీ స్కాన్లే. సీనియర్ల నోట్సు కూడా వాట్సాప్‌లో ఫోటోల రూపంలోనే తిరుగుతుంది. తెలుగు ఎం.ఏ. చదివేవాళ్ళు పుస్తకాలకని ఐదు, పది జీబీలు ప్రత్యేకంగా అనుకోవలసిందే.

ఇప్పుడు పెట్టె మీది అంకె సంగతి చూద్దాం. 128 అని రాసి ఉంటుంది. ఇంటికొచ్చి తెరిచి చూస్తే కొన్నిటిలో 119 కనబడుతుంది. మోసం చేశారని షాపు మీదికి పోయినవాళ్ళు నాకు తెలుసు. మోసం కాదు. కంపెనీవాళ్ళు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కిస్తారు. కొన్ని యంత్రాలు రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది అనుకుంటూ ముప్పైసార్లు పోయి, 107,37,41,824 బైట్లని ఒక జీబీ అంటాయి. పాత కాలంలో పక్కా శేరు, కచ్చా శేరు ఉన్నట్టు. సరుకు అంతే, కొలత వేరు. ఆ లెక్కన 64 అన్నది 59.6 అవుతుంది. మరి కొన్ని ట్యాబులు 128 అనే చూపించి, ఆ తేడాని ‘సిస్టమ్’ పద్దులో కలిపేస్తాయి.

ఆ సిస్టమ్ పద్దే అసలయిన కోత. ఆండ్రాయిడ్, దానితోపాటు కంపెనీ ముందే ఎక్కించి ఇచ్చిన యాప్‌లు కలిసి 20 జీబీ అటూ ఇటూ తినేస్తాయి. అప్‌డేట్లు వచ్చినకొద్దీ అది పెరుగుతుందే గాని తగ్గదు. ఇంకో కొత్త వింత ఏమిటంటే, ర్యామ్‌ని 8 జీబీ అని పెద్దగా రాసి, పక్కన చిన్న అక్షరాల్లో నాలుగు ప్లస్ నాలుగు అంటారు. ఆ రెండో నాలుగు మీ స్టోరేజీలోంచి కోసుకున్నదే. జీతం పత్రంలో పెంచినట్టు చూపి, మరో పద్దు కింద పట్టుకున్నట్టు.

64 జీబీ ట్యాబు లెక్క ఒకసారి వేసి చూడండి. 59.6లో సిస్టమ్‌కి 22 పోతే 37 పైచిలుకు. వాట్సాప్, యూట్యూబ్, చదువు యాప్‌లు, బ్యాంకు, డిజిలాకర్, వాటి వెనక అవి పేర్చుకునే చెత్త, అంతా కలిసి 12. మిగిలింది 25. ఇందులో పది ఖాళీగా ఉంచాలి. ఎందుకు ఖాళీగా ఉంచాలో ఇప్పుడే చెబుతాను. చివరికి చేతికి వచ్చేది 15 జీబీ. తమ్ముడు పెద్ద గేమ్ ఒకటి వేశాడంటే, అవి ఒక్కొక్కటి మూడు జీబీ నుంచి 20 జీబీ దాకా ఉంటున్నాయి, ఆ పదిహేనూ హుళక్కి.

ఖాళీ ఎందుకంటే, అది ఈ చిప్పుల స్వభావం. దీన్ని ఫ్లాష్ మెమరీ అంటారు. జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువొకా దీనికి మూలపురుషుడు. ఇప్పుడు మన ట్యాబుల్లో ఉన్న ‘న్యాండ్’ రకాన్ని ఆయన బృందం 1987లో ప్రపంచానికి చూపించింది. ఒక్క ఊపున చెరిగిపోవడం కెమెరా ఫ్లాషు వెలుగులాగా ఉందని ఆయన తోటి ఉద్యోగి షోజి అరిజుమి ఆ పేరు పెట్టాడట. కోట్లాది సన్నటి గదుల్లో విద్యుత్తు కణాలని బంధించి ఉంచడం దీని కిటుకు. కరెంటు తీసేసినా అవి ఆ గదుల్లోనే ఉంటాయి. అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. రాయడం చిన్న చిన్న పేజీలుగా రాయవచ్చు. చెరపాలంటే మాత్రం వందల పేజీలున్న పెద్ద దిమ్మెని మొత్తంగా చెరపాలి. ఆ దిమ్మెలో పనికివచ్చే పేజీలుంటే వాటిని ముందు వేరే ఖాళీ చోటికి మోసి, ఆ తర్వాత చెరపాలి.

రైల్వే యార్డులో షంటింగు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. లైన్లన్నీ వ్యాగన్లతో నిండి ఉంటే ఒక్క వ్యాగన్ని పక్కకి తప్పించడానికి ఇంజను పది రకాలుగా అటూ ఇటూ కుస్తీ పట్టాలి. ఒక లైను ఖాళీగా ఉంటే ఐదు నిమిషాల పని. ట్యాబు నిండిపోయినకొద్దీ మందగించడానికి పెద్ద కారణం ఇదే. పైగా చెరిపిన ప్రతిసారీ ఆ గదుల గోడలు కాస్త అరుగుతాయి. ఖాళీ తక్కువయితే మోతలు ఎక్కువ, అరుగుదలా ఎక్కువ. ఐదో వంతు ఖాళీ ఉంచమని నేను అందరికీ చెప్పేది అందుకే.

చిప్పులో కూడా రెండు జాతులున్నాయి. చవక ట్యాబుల్లో ఈఎంఎంసీ, కొంచెం పై ధరలో యూఎఫ్ఎస్. మొదటిది ఒంటిదారి వంతెన, చదివేటప్పుడు రాయలేదు. రెండోదానిలో రాకపోకలు ఒకేసారి సాగుతాయి. ఒకే ధరలో 256 జీబీ ఈఎంఎంసీ, 128 జీబీ యూఎఫ్ఎస్ ఉంటే నేను రెండోదే తీసుకోమంటాను.

“కార్డు వేసుకుంటే సరిపోతది గదా” అన్నది తర్వాతి ప్రశ్న. కొంతవరకు సరిపోతుంది. వీడియోలు, పాటలు, పుస్తకాలు కార్డులో పెట్టుకోవచ్చు. యాప్‌లు పెట్టుకోవడం కుదరదనే అనుకోండి. 2015లో ఆండ్రాయిడ్ ఆరో అవతారంలో కార్డుని లోపలి స్టోరేజీలో కలిపేసుకునే వీలు పెట్టారు గాని, చాలా కంపెనీలు దాన్ని మూసేశాయి. పైగా కొన్ని యాప్‌లు దింపిన పాఠాలని కార్డులో దాచనివ్వవు. ఐప్యాడ్‌లో అసలు కార్డు దూర్చే కంతే లేదు. 2010లో మొదటిసారి వచ్చినప్పుడు అది 16 జీబీతో మొదలయింది. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ 128తో మొదలవుతుంది. పదిహేనేళ్ళలో కనీసం ఎనిమిది రెట్లయిందన్న మాట. ముందు ముందు ఎంత కావాలో ఊహించేవాళ్ళకి ఆ ఒక్క లెక్క చాలు.

కార్డు గురించి ఇంకా గట్టిగా చెప్పవలసిన మాట ఉంది. మా లైనులో ఒకాయన ఒక కొట్టులో 512 జీబీ కార్డు నాలుగు వందలకి వచ్చిందని సంబరపడ్డాడు. ట్యాబులో పెడితే 512 అనే చూపించింది. పిల్లవాడి పాఠాలు, ఇంట్లో ఫోన్లన్నిటిలోని ఫోటోలు అందులోకి ఎక్కించి, ఫోన్లు ఖాళీ చేసుకున్నాడు. నెల తర్వాత చూస్తే ఫైళ్ళ పేర్లున్నాయి, ఏదీ తెరుచుకోదు. అసలు ఆ కార్డులో ఉన్నది 16 జీబీ చిప్పు. 512 అని అబద్ధం చెప్పేలాగా దాన్ని తయారుచేశారు. 16 నిండాక కొత్తవి పాతవాటి మీదనే పడుతూ పోయాయి. అందులో ఆయన తండ్రి రిటైరయిన నాడు బాయి మీద చేసిన సన్మానం ఫోటోలున్నాయి. తండ్రి పోయి మూడేళ్ళు. దండ వేసుకుని నిలబడ్డ ఆ ఫోటోలు తప్ప ఆయనవి మంచివి వేరే లేవు. కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. రెండు రోజులు కూర్చున్నాను, పదకొండు ఫోటోలు సగం సగం వచ్చాయి. మిగతావి ఎవరూ తేలేరు.

కార్డు కొన్న రోజే దాన్ని పరీక్షించాలి. ఎఫ్‌త్రీ అనీ, హెచ్‌టూ టెస్ట్ డబ్ల్యూ అనీ ఉచిత ప్రోగ్రాములున్నాయి. కంప్యూటర్లో పెట్టి నడిపితే కార్డుని పూర్తిగా నింపి, నింపింది తిరిగి చదివి నిజం చెబుతాయి. కొన్ని గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ఇంట్లో కంప్యూటరు లేనివాళ్ళు స్నేహితుల దగ్గరో, కాలేజీ ల్యాబులో అడిగో చేయించుకోవచ్చు. మంచి కార్డయినా సరే, ఫోటోలు పెట్టి బీరువాలో ఏళ్ళ తరబడి పడెయ్యకండి. గదుల్లో బంధించిన విద్యుత్తు మెల్లగా కారిపోతూ ఉంటుంది, వేడికి ఇంకా తొందరగా. మన రామగుండం ఎండలకి రేకుల ఇంట్లో బీరువా ఎంత కాగుతుందో తెలియనిది కాదు.

దీన్ని బట్టి ఇంకొకటి తేలుతుంది. పెద్ద స్టోరేజీ అంటే ఎక్కువ చోటు, అంతే. అది భద్రత కాదు. 256 జీబీ ట్యాబు గోదావరిలో పడితే 256 జీబీలూ పోతాయి. మార్కుల మెమోలు, కుల ధ్రువపత్రం, నోట్సు, ఇంటివాళ్ళ ఫోటోలు, వీటికి కావలసింది రెండో చోట రెండో కాపీ. విచిత్రమేమిటంటే ఇవన్నీ చిన్నవి. సర్టిఫికెట్లన్నీ కలిపి ఐదారు మెగాబైట్లు. వాటిలో చాలా వాటికి 2015 నుంచి ప్రభుత్వమే డిజిలాకర్ ఇచ్చింది. గూగుల్ ఖాతాకి ఉచితంగా వచ్చే 15 జీబీలో మెయిలూ, డ్రైవూ, 2021 జూన్ 1 నుంచి ఫోటోలు కూడా కలిసే ఉంటాయి. ఆ పదిహేనుని వాట్సాప్ గుడ్ మార్నింగ్ బొమ్మలతో నింపకుండా, పోతే తిరిగి రానివాటికి ఉంచుకోవాలి. పాఠాల వీడియోలకి కాపీ ఎందుకు? పోతే మళ్ళీ దింపుకోవచ్చు.

ఇంతకీ ఎంత తీసుకోమంటావు అని విసుక్కుంటున్నారా. చెబుతున్నాను. చదువు కోసం కొనే ట్యాబుకి 64 వద్దు. కార్డు కంత ఉన్నా సరే, యాప్‌లకీ సిస్టమ్‌కీ నాలుగేళ్ళు సరిపడదు. ఇంట్లో ఫైబర్ ఉండి పేపరు, సినిమాలు చూసుకునే పెద్దవాళ్ళకయితే చాలు. మనలో ఎక్కువమందికి 128, కార్డు కంత ఉన్నది. లెక్క ఇలా ఉంటుంది: సిస్టమ్ 22, యాప్‌లు 12, ఒక సెమిస్టరు పాఠాలు 20, పుస్తకాలు ఐదు, వాట్సాప్, ఫోటోలు పది, తమ్ముడి గేమ్‌కి నాలుగు. మొత్తం 73. ఖాళీ ఉంచవలసిన ఐదో వంతు 24 కలిపితే 97. ఉన్నది 119. సిస్టమ్ పెరగడానికీ, మనం మారడానికీ మిగిలిన 22 చాలు.

256 ఎవరికి? కార్డు కంత లేని ట్యాబే కొంటున్నవాళ్ళకి. హాస్టల్లో ఉంటూ సెలవులకి సిగ్నల్ లేని ఊరికి పోయేవాళ్ళకి. వీడియోలు ఎడిటింగు చేసేవాళ్ళకి. పోటీ పరీక్షల కోసం రెండు మూడు కోర్సుల పాఠాలు ఒకేసారి దగ్గర పెట్టుకోవాలనుకునేవాళ్ళకి. రెండింటికీ ధరలో తేడా మూడు వేలయిందనుకోండి. నాలుగేళ్ళకి పంచితే నెలకి 62 రూపాయల 50 పైసలు. క్లౌడులో వంద జీబీ అద్దెకి తీసుకుంటే నెలకి వంద పైనే అవుతుంది, అదీ నెట్టు ఉంటేనే పనికొస్తుంది. కాబట్టి పై కారణాల్లో ఒకటున్నా ఆ మూడు వేలు దండగ కాదు. ఏ కారణమూ లేనివాళ్ళు ఆ డబ్బుతో మంచి కంపెనీ కార్డు ఒకటి, పెన్‌డ్రైవు ఒకటి కొనుక్కుని, మిగిలింది రీఛార్జికి ఉంచుకోవడం నయం.

మా చెల్లెకి మొన్న దసరాకి తీసుకున్నది 128, యూఎఫ్ఎస్, కార్డు కంత ఉన్నది. నాయన షిఫ్టు చీటీ చూసి, సెకండ్ షిఫ్టు వారానికి కావలసిన పాఠాలు అంతకుముందు ఆదివారమే దింపుకుంటుంది. శనివారం రాత్రికి చూసినవి తీసేస్తుంది. ఇప్పటివరకు 80 దాటలేదు.

షాపుకి పోయినప్పుడు డబ్బు ఇవ్వకముందే అక్కడ తెరిచి ఉంచిన నమూనా ట్యాబుని చేతిలోకి తీసుకోండి. సెట్టింగ్స్‌లో స్టోరేజీ అన్నచోట నొక్కండి. అందులో సిస్టమ్ అన్న పద్దు ఎంత ఉందో చూసి, పెట్టె మీది అంకెలోంచి తీసెయ్యండి. పెట్టె పక్క అంచున యూఎఫ్ఎస్ అని ఉందా, ర్యామ్ పక్కన ప్లస్ గుర్తు ఉందా చూడండి. కార్డు కంత సిమ్‌తో కలిసి ఒకటే ఉందా, విడిగా ఉందా అడగండి. ఒకటే అయితే సిమ్ వేసినరోజు కార్డు తియ్యవలసి వస్తుంది.